రెగ్యులేటర్ కొనేముందు: చన్నీళ్ళ లెక్క వేరు

కారు కొన్నా, కెమేరా కొన్నా మనవాళ్ళు ముందు ఒక ఎక్సెల్ షీటు తెరుస్తారు. ఒక్కో మోడల్‌కీ ఒక వరస, ఒక్కో గుణానికీ ఒక కాలమ్, ప్రతిదానికీ మార్కులు, చివర్న మొత్తం. స్కూబా డైవింగ్ రెగ్యులేటర్ కొనడానికి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. కాకపోతే కంపెనీల బ్రోషర్లు ముందు పెట్టుకుని షీటు నింపితే అందులో ధర, బరువు, ఎంత తేలిగ్గా ఊపిరి ఆడుతుంది వగైరాలన్నీ చేరతాయి గాని, కెనడాలో మునిగేవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యమైన కాలమ్ ఒకటి తప్పిపోయే ప్రమాదం ఉంది. నాలుగు డిగ్రీల నీళ్ళలో ఈ పరికరం గడ్డకట్టకుండా పనిచేస్తుందా? మెక్సికోకో, క్యూబాకో సెలవులకి వెళ్ళి డైవింగ్ నేర్చుకుని, ఆ ఉత్సాహంతో టొరాంటో తిరిగొచ్చి సొంత రెగ్యులేటర్ కొనుక్కుందామనుకునే వారి కోసం ఈ వ్యాసం.

అసలు రెగ్యులేటర్ చేసే పనేమిటి?

వీపున కట్టుకునే సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ల పీడనంలో ఉంటుంది. కారు టైర్లో ఉండేదానికి ఇది దాదాపు తొంభై రెట్లు. దీన్ని తిన్నగా నోట్లోకి పీల్చుకోలేం. మరో పక్క, నీళ్ళలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల లోతున మన ఛాతీ మీద, పైనున్న గాలితో కలిపి, నాలుగు వాతావరణాల పీడనం. అంత బరువు మీదున్నప్పుడు ఊపిరితిత్తులు నిండాలంటే లోపలికొచ్చే గాలి కూడా సరిగ్గా అంతే పీడనంలో ఉండాలి.

ఈ పని రెండు అంచెల్లో జరుగుతుంది. సిలిండర్‌కి బిగించే మొదటి అంచె 200 బార్లని, చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9 లేక 10 బార్లు ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. ఆ గాలి గొట్టం గుండా నోట్లో పెట్టుకునే రెండో అంచెకి చేరుతుంది. మనం ఊపిరి పీల్చగానే అక్కడున్న రబ్బరు పొర లోపలికి వంగి, ఒక మీటని నొక్కి, వాల్వుని తెరుస్తుంది. పీల్చడం ఆపితే మూసుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది 'పుష్' కాదు, 'పుల్'. అడిగితేనే గాలి.

ఈ ఆలోచనకి యుద్ధకాలపు ఫ్రాన్సులో కొత్త ఊపొచ్చింది. పెట్రోలు కరువై కార్లని గ్యాస్ మీద నడుపుకుంటున్న రోజుల్లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు అందుకోసం ఒక వాల్వు తయారుచేశాడు. దాన్నే 1943లో జాక్ కూస్తోతో కలిసి ఈతగాళ్ళకి పనికొచ్చేలా మార్చాడు. మార్న్ నదిలో జరిపిన మొదటి పరీక్షలో కూస్తో నిటారుగా ఉంటే గాలి వృథాగా బయటికి పోయింది. తలకిందులైతే పీల్చడం కష్టమైంది. గాలి వచ్చే చోటు, వదిలే చోటు వేరు వేరు ఎత్తుల్లో ఉండటమే కారణమని తేలి, రెండిటినీ ఒకే ఎత్తుకి తెచ్చారు. గాన్యాన్ 1947లో మాంట్రియల్‌కి వలస వచ్చి ఇక్కడే రెగ్యులేటర్ల మీద పరిశోధన సాగించాడు. అంటే ఈ పరికరానికి కెనడాతో చుట్టరికం పాతదే.

చలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

సైకిల్ ట్యూబులో గాలి తీసేటప్పుడు వాల్వు దగ్గర వేలు పెడితే చల్లగా తగులుతుంది. బిగించి ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది. మొదటి అంచెలో 200 బార్ల నుంచి పది బార్లకి దిగే గాలి సున్నా డిగ్రీలకి బాగా కిందికి పోతుంది. విశాఖలోనో, క్యూబాలోనో అయితే చుట్టూ ఉన్న వెచ్చటి నీళ్ళు ఆ లోహాన్ని ఎప్పటికప్పుడు వేడి చేస్తూ ఉంటాయి, మనకి ఏమీ తెలియదు. నీళ్ళే నాలుగు డిగ్రీలుంటే ఇచ్చే వేడి తక్కువ, గడ్డకట్టడానికి మిగిలిన దూరం నాలుగు డిగ్రీలే.

మరి ఈ నాలుగు డిగ్రీలు ఎక్కడివి? మంచినీళ్ళు అన్నిటికంటే బరువుగా ఉండేది నాలుగు డిగ్రీల దగ్గరే. అందుకని లోతైన సరస్సుల్లో ఆ నీళ్ళు అడుక్కి చేరతాయి. పైన నడివేసవి అయినా అడుగున చలికాలమే. టొరాంటోకి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, హ్యూరన్ సరస్సు ఒడ్డున ఉన్న టోబర్మరీ దీనికి మంచి ఉదాహరణ. 1987లో ఏర్పడిన ఫాథమ్ ఫైవ్ జాతీయ పార్కులో ఇరవైకి పైగా మునిగిన ఓడలున్నాయి. 1884లో మునిగిన అరేబియా అనే ఓడ 30 మీటర్లకి పైగా లోతులో ఉంది. ఆగస్టులో పైన హాయిగా ఈదినవాళ్ళే ఆ లోతుకి దిగేసరికి ఫ్రిజ్‌లోకి దిగినట్టుంటుంది.

అక్కడ మొదటి అంచెలోని స్ప్రింగు చుట్టూ మంచు పేరుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. గాలి ఆగకుండా వచ్చి, గొట్టంలో పీడనం పెరిగి, రెండో అంచెని తోసుకుని నోట్లోకి వరదలా కొడుతుంది. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. మూసుకుపోయే బదులు తెరుచుకుపోయేలా కావాలనే ఇలా డిజైన్ చేశారు. ఊపిరి ఆగిపోవడం కంటే ఇదే నయం కదా! కాని గాలి ఎక్కువ పారేకొద్దీ చలి ఎక్కువ, చలి పెరిగేకొద్దీ మంచు ఎక్కువ. బయటికి దారిలేని లూపు.

ఒక చిన్న లెక్క. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్లంటే 2200 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల లోతున 80 లీటర్లు వాడతాడు. సిలిండర్ మొత్తం ఖాళీ చేసినా అరగంట కూడా రాదు. ఫ్రీ ఫ్లో దీనికి ఎన్నో రెట్ల వేగంతో గాలిని పారేస్తుంది, అంటే చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. అసలు ప్రమాదం అదీ.

షీటులో ఉండాల్సిన కాలమ్‌లు

మొదటిది, ఈఎన్ 250 ప్రమాణం. ఇది యూరప్‌ది. 50 మీటర్ల లోతుకి సమానమైన పీడనంలో, నాలుగు డిగ్రీలకి మించని నీళ్ళలో, నిమిషానికి 62.5 లీటర్ల చొప్పున ఊపిరి ఆడించి పరీక్షిస్తారు. చన్నీళ్ళ పరీక్ష నెగ్గని వాటి మీద '>10' డిగ్రీలు అని ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్నది కరీబియన్‌కి భేషుగ్గా ఉంటుంది, హ్యూరన్‌కి పనికిరాదు. 2014 నాటి కూర్పులో 'ఈఎన్250ఏ' అన్న గుర్తు ఉంటే, ఇంకొకరు మన ఆక్టోపస్ (అంటే అదనపు రెండో అంచె) మీద ఊపిరి తీసుకునే పరిస్థితికి కూడా పరీక్షించారని అర్థం.

రెండోది, సీలింగ్. మొదటి అంచెలో స్ప్రింగు ఉన్న గదిలోకి నీళ్ళు రాకుండా మూసి ఉందా? డయాఫ్రమ్ రకాన్ని ఇలా సీలు చేయడం సులువు. పిస్టన్ రకంలో మామూలుగా నీళ్ళు లోపలికి వస్తాయి. ఉదాహరణకి స్కూబాప్రో వారి ఎంకే25 పిస్టన్ రకం, ఎంకే17 సీలు చేసిన డయాఫ్రమ్ రకం.

మూడోది, బ్యాలెన్సింగ్. బ్యాలెన్స్ లేని మొదటి అంచెలో సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ ఊపిరి బరువవుతుంది. లోతుకి వెళ్ళేవారికి బ్యాలెన్స్ ఉన్నదే మేలు.

నాలుగోది, సిలిండర్‌కి బిగించే తీరు. యోక్ రకం 232 బార్ల వరకే. మరతో బిగించే డిన్ రకం 300 బార్ల దాకా దొరుకుతుంది, ఓ-రింగు కూడా కదలకుండా ఉంటుంది. సెలవుల ఊళ్ళలో యోక్ ఎక్కువ కాబట్టి డిన్ కొని, వెంట ఒక అడాప్టరు ఉంచుకోవచ్చు.

అయిదోది, రెండో అంచె దేనితో చేశారన్నది. మన ఊపిరిలోని తేమ మీట మీద గడ్డకట్టే చోటు ఇదే. లోహపు భాగాలు ఊపిరి వెచ్చదనాన్ని పంచుతాయి, ప్లాస్టిక్ పంచదు.

ఆరోది, సర్వీసు. కంపెనీని బట్టి ఏడాదికో, రెండేళ్ళకో విప్పి భాగాలు మార్చాలి. ఆ బ్రాండు తెలిసిన టెక్నీషియన్ మీ ఊళ్ళో లేకపోతే ఆన్‌లైన్‌లో మిగిల్చిన డాలర్లు పోస్టేజీకే పోతాయి.

ఇక బ్రోషర్లు అరిచి చెప్పే 'తేలిక ఊపిరి' సంగతి. ఈఎన్ 250 గరిష్ఠంగా లీటరుకి 3 జౌళ్ళ శ్రమని ఒప్పుకుంటుంది. ఈ గీత దాటిన రెండు మంచి మోడళ్ళ మధ్య తేడా మామూలు డైవర్ పసిగట్టడం కష్టం. పైగా చిన్న ఊపిరికే తెరుచుకునేలా మరీ సున్నితంగా ట్యూన్ చేసిన రెగ్యులేటర్ చన్నీళ్ళలో ఫ్రీ ఫ్లోకి ఇంకా త్వరగా లోనవుతుంది. ఎక్కువ మార్కులు పడాల్సిన చోటే మనకి ఇబ్బంది!

కొన్నాక పాటించాల్సినవి

ఏ పరీక్షా మంచు రాదని హామీ ఇవ్వదు. చలిగాలిలో, నీళ్ళలోకి దిగకముందే రెగ్యులేటర్లోంచి ఊపిరి తీయకండి, పర్జ్ బటన్ నొక్కకండి. ఊపిరి పీలుస్తూ అదే సమయంలో జాకెట్‌లోకి గాలి నింపకండి. సిలిండర్లో పొడి గాలి నింపే దుకాణానికే వెళ్ళండి. ఫ్రీ ఫ్లో అవుతున్న రెగ్యులేటర్ నుంచి ఊపిరి తీయడం శిక్షణలో నేర్పుతారు, దాన్ని ఏటా లోతు తక్కువ నీళ్ళలో మళ్ళీ సాధన చేయండి. లోతుకి వెళ్ళేటప్పుడు విడిగా ఒక చిన్న సిలిండర్, దానికి సొంత రెగ్యులేటర్ ఉంటే కొండంత అండ.

చివరిగా, షీటులో చన్నీళ్ళ అర్హతకి మార్కులు వేయకండి. మార్కులు వేస్తే తక్కువ ధర, తక్కువ బరువు దాని లోటుని పూడ్చేస్తాయి. మొత్తంలో ఆ లోటు కనిపించదు. ఎస్‌క్యూఎల్ రాసేవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే చన్నీళ్ళ అర్హత 'వేర్' క్లాజులో ఉండాలి. ధర, బరువు, రంగు 'ఆర్డర్ బై'లో ఎలా పెట్టుకున్నా మీ ఇష్టం.