మీకు తెలుసా? తంత్రంలో బ్రహ్మచర్యానికీ చోటుంది

తంత్రమంటే కట్టుబాట్లు లేని భోగమని చాలామంది నమ్మకం. మద్యం, మాంసం, మత్స్యం, ముద్ర (వేయించిన ధాన్యం), మైథునం అనే పంచమకారాలే అందుకు సాక్ష్యమంటారు. నిజమే, కౌలాచారమనే తాంత్రిక మార్గంలో వీటిని నేరుగా వాడినవారున్నారు. అన్నీ సంకేతాలేనని కొట్టిపారేయలేం. కానీ మద్యంతోనే సిద్ధి వచ్చేస్తే తాగుబోతులంతా సిద్ధులైపోవాలి కదా అని కౌల గ్రంథమైన కులార్ణవ తంత్రమే నిలదీసింది. నిషిద్ధాన్ని ముట్టే అధికారం ఇంద్రియాలను జయించిన వీరసాధకుడిదే. మిగతావారికి మద్యం బదులు కంచుపాత్రలో కొబ్బరినీళ్లు చాలు. సౌందర్యలహరి వ్యాఖ్యాత లక్ష్మీధరుడు కౌలాన్ని కాదని అంతఃపూజనే (మనసులో చేసే పూజనే) సమర్థించాడు. బౌద్ధ తంత్రంలోనూ ఆచార్యుడు అతిశుడు (982–1054) మైథునంతో ముడిపడిన గుహ్య, ప్రజ్ఞా అభిషేకాలు (దీక్షలు) బ్రహ్మచారులు తీసుకోరాదన్నాడు. నిషేధానికి విలువున్నచోటే దాన్ని దాటడానికి అర్థముంటుంది. తంత్రంలో భోగం నిగ్రహానికి గీటురాయి.