కోడికి తాతలు ఎవరు?

వాకిట్లో తిరిగే కోడిని ఒకసారి పట్టుకుని చూడండి. దాని కాళ్ల మీద ఈకలు లేవు. పొలుసులు ఉన్నాయి. తొండకు ఉన్నట్టే ఉన్నాయి. ఎందుకు? ఈ సంగతి రాళ్లు చెప్పాయి.

జర్మనీ దేశంలో సోల్న్‌హోఫెన్ అనే ఊరుంది. అక్కడ సున్నపురాయి దొరుకుతుంది. మన నాపరాయిలాగా పలకలు పలకలుగా లేస్తుంది. వెనకటి రోజుల్లో ఆ నున్నటి రాతిని అచ్చు పనికి వాడేవారు. కూలీలు ఆ పలకలను చేత్తో విడదీసేవారు.

1861లో ఒక పలక మీద ఈక అచ్చు కనబడింది. అదే ఏడాది ఈకలతో సహా ఒక పక్షి ఎముకలు బయటపడ్డాయి. ఒక కూలీ దాన్ని వైద్యం ఖర్చు కింద డాక్టరుకు ఇచ్చాడని చెబుతారు. 1862లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం దాన్ని, మరికొన్ని రాళ్లతో కలిపి, 700 పౌన్లకు కొన్నది. రాయిని చూసింది కూలీ కళ్లే. విలువ మాత్రం చదువుకున్నవాడికి తెలిసింది.

ఆ పక్షి పేరు ఆర్కియోప్టెరిక్స్. అంటే 'పాత రెక్క'. అది కాకి అంత ఉండేది. తర్వాత తలతో సహా ఇంకొకటి దొరికింది. దాని నోట్లో పళ్లు ఉన్నాయి! రెక్కలకు గోళ్లు ఉన్నాయి. బల్లికి ఉన్నట్టు పొడుగాటి ఎముకల తోక ఉంది. ఒంటి మీద మాత్రం పక్షి ఈకలే.

అది బతికింది 15 కోట్ల ఏళ్ల కిందట. ఏడాదికి ఒక బియ్యపు గింజ చొప్పున పోస్తే సుమారు 30 క్వింటాళ్లు అవుతాయి. మన బతుకు గింజలు గుప్పెట్లో పడతాయి.

పక్షి రాయిలోకి ఎలా వచ్చింది? అది చచ్చి నీళ్లలో పడింది. సన్నటి సున్నపు బురద దాన్ని కప్పేసింది. గాలి తగలక తొందరగా కుళ్లలేదు. బురద మీద బురద పేరుకుని గట్టిపడి రాయి అయింది. ఇలా రాతిలో నిలిచిన గుర్తునే శిలాజం అంటారు.

ఆ కాలంలో రాక్షసబల్లులు ఉండేవి. వాటినే డైనోసార్లు అంటారు. చైనాలోని లియావోనింగ్‌లో 1996లో ఒక రైతుకు చిన్న రాక్షసబల్లి శిలాజం దొరికింది. దానికి రెక్కలు లేవు. కానీ ఒంటి మీద కోడిపిల్లకు ఉన్నట్టు నూగు ఉంది! అంటే నూగు ముందు వచ్చింది. ఎగరడం తర్వాత వచ్చింది. నూగు ఒంటికి వెచ్చదనం ఇచ్చి ఉంటుంది. అక్కడే పళ్లు లేని ముక్కుతో, పొట్టి తోకతో ఉన్న పాత పక్షులు కూడా వందల కొద్దీ దొరికాయి.

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పెద్ద రాయి వచ్చి భూమికి గుద్దుకుంది. పెద్ద రాక్షసబల్లులు చచ్చిపోయాయి. కొన్ని పక్షులు మిగిలాయి. వాటి సంతతే ఇప్పటి కాకి, పిచ్చుక, కోడి.

తొండ నుంచి కోడి పుట్టలేదు. తొండ దూరపు చుట్టం. కోడికి తాతలు రాక్షసబల్లులే.

చదివారు కదా. ఇప్పుడు చెప్పండి:
1. శిలాజం అంటే ఏమిటి?
2. పాత పక్షికీ, మీ ఇంటి కోడికీ తేడాలు ఏమిటి?
3. మీ ఊళ్లో రాళ్లు కొట్టేవాళ్లకు ఎప్పుడైనా ఇలాంటి అచ్చులు కనబడ్డాయా? అడిగి తెలుసుకోండి.