చిన్న బీమ్ పాస్.. పెద్ద బీమ్ ఫెయిల్! కాంక్రీట్ సైజు పెరిగితే ఏమవుతుందో తెలుసా?

అదే కంకర, అదే సిమెంట్, అవే చువ్వలు. అడుగు లోతున్న బీమ్ ల్యాబ్ టెస్టులో పాస్ అయింది. మరి అదే లెక్కతో మూడడుగుల బీమ్ కడితే? అదీ పాస్ అవ్వాలి కదా అనుకుంటాం. కానీ కాంక్రీట్ ఆ మాట వినదు.

1955లో అమెరికాలోని ఒహాయోలో ఒక ఎయిర్‌ఫోర్స్ గోడౌన్ పైకప్పు కొంతభాగం కూలింది. బీముల లోతు 914 మిల్లీమీటర్లు. ఏటవాలుగా చీల్చే ఒత్తిడికి, అంటే ఇంజినీర్లు షియర్ అనేదానికి అవి విరిగాయి. తర్వాత మూడో వంతు సైజు నమూనాలు చేసి చూస్తే.. అవి దాదాపు రెట్టింపు ఒత్తిడిని తట్టుకున్నాయి! కాంక్రీట్ కుంచించుకుపోయి లాగుడు వచ్చిందని అప్పట్లో సరిపెట్టుకున్నారు. సైజు మీద అనుమానం బలపడింది మాత్రం చాలా లేటుగా. 1989లో జపాన్ పరిశోధకులు 10 సెంటీమీటర్ల నుంచి 3 మీటర్ల లోతు వరకు, రింగులు లేని బీముల ఫలితాలు బయటపెట్టారు. అన్నింటికంటే పెద్దది.. చిన్నది తట్టుకున్న ఒత్తిడిలో సుమారు మూడో వంతుకే పోయింది.

ఎందుకిలా? కాంక్రీట్‌లో పగులు గాజులో లాగా ఒక్క గీతగా రాదు. దాని కొన దగ్గర, కంకర చుట్టూ సన్నటి చీలికల గుంపు పుడుతుంది. ఆ గుంపు కంకర సైజును బట్టి ఉంటుంది తప్ప, బీమ్ పెరిగిందని అదీ అంతే పెరగదు. చిన్న బీమ్‌లో అది చాలాభాగం ఆక్రమించి భారాన్ని పంచుకుంటుంది. పెద్దదాంట్లో అదొక మూల మాత్రమే. పైగా బీమ్‌లో నిల్వ ఉన్న శక్తంతా ఒక్కసారిగా పగులు మీదకే వస్తుంది. విరిగేముందు హెచ్చరిక కూడా పెద్దగా ఉండదు.

మరి కంప్యూటర్ ముందే చెప్పలేదా? సాఫ్ట్‌వేర్ బీమ్‌ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది. 'ఇంత ఒత్తిడి దాటితే పగులు' అని మాత్రమే చెబితే, గళ్లు చిన్నవి చేసేకొద్దీ ఆన్సర్ మారిపోతుంది. అలాంటి లెక్కను నమ్మేదెలా? 1976లో స్వీడన్‌కు చెందిన హిల్లర్‌బోర్గ్ బృందం దారి చూపింది. పగులు తెరుచుకోవడానికి ఖర్చయ్యే శక్తిని కూడా లెక్కలోకి తెచ్చింది. మామూలు కాంక్రీట్‌కి అది చదరపు మీటరుకు 100 జౌళ్ల స్థాయిలో ఉంటుంది. 1983లో బజాంట్, ఓ అనే పరిశోధకులు ఆ శక్తిని గడి వెడల్పుకు ముడిపెట్టారు. దాంతో గళ్లు మార్చినా ఆన్సర్ పెద్దగా మారదు, సైజు ప్రభావమూ దానంతటదే బయటపడుతుంది.

మామూలు ఇంటి బీములకు రింగులు ఉంటాయి కాబట్టి మరీ టెన్షన్ అక్కర్లేదు. అసలు సమస్య రింగుల్లేని మందపాటి రాఫ్టు పునాదులు, స్లాబులతోనే. అమెరికా కోడ్ 2019లో రింగుల్లేని బీములు, స్లాబులకు సైజును బట్టి బలం తగ్గించే రూల్ తెచ్చింది. మన దగ్గర 2000 నాటి ఐఎస్ 456లోని షియర్ పట్టిక కాంక్రీట్ గ్రేడ్, చువ్వల శాతం మాత్రమే చూస్తుంది. 300 మిల్లీమీటర్ల లోపు స్లాబులకు కాస్త అదనపు బలం ఇస్తుంది కానీ.. రెండు మీటర్ల మందం రాఫ్టుకు తగ్గింపు మాత్రం చెప్పదు.