కెర్నల్ మెమరీ దోషాల గుర్తింపు: ధర్మవరం - హిందూపురం రైలుమార్గం ఉపమానంగా

వ్యాససంగ్రహం:
ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో మెమరీ దోషం ఒకచోట జరిగి, దాని ఫలితం మరొకచోట, మరొక సమయంలో బయటపడుతుంది. అందువల్ల మూలకారణాన్ని పట్టుకోవడం కష్టం. లినక్స్‌లోని కాసాన్, కేఫెన్స్ సాధనాలు దోషాన్ని ఎలా గుర్తిస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కెర్నల్, మెమరీ దోషం, షాడో మెమరీ, కాసాన్, కేఫెన్స్, బ్లాక్ సెక్షన్.

1. ఉపోద్ఘాతం:
ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగళూరు వెళ్ళే ఒకే రైలుమార్గంలోని స్టేషన్లు. ముందున్న స్టేషన్ ‘లైన్ క్లియర్’ ఇవ్వనిదే బ్లాక్ సెక్షన్‌లోకి రైలును పంపకూడదన్నది రైల్వే మూలసూత్రం. 2012 మే 22న పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సు రైలును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. ఇరవైమందికి పైగా మరణించారు. నియమం ఉండడం వేరు, దాని ఉల్లంఘనను ఆ క్షణంలోనే పట్టుకోగలగడం వేరు అని ఆ విషాదం గుర్తుచేస్తుంది.

కెర్నల్ కూడా మెమరీని ఖండాలుగా కేటాయించి, పని ముగిశాక తిరిగి తీసుకొంటుంది. కానీ కెర్నల్‌లో అధికభాగాన్ని రాసిన సి భాష ఆ హద్దులను తనంతట తాను కాపాడదు. రైళ్ళు ఢీకొంటే వెంటనే తెలుస్తుంది. కెర్నల్‌లో ఆ ప్రమాదం నిశ్శబ్దంగా జరిగిపోవచ్చు.

2. దోషాల స్వరూపం:
వీటిలో ప్రధానమైనవి రెండు. కేటాయించిన హద్దును దాటి చదవడం లేదా రాయడం మొదటిది. విడుదల చేసిన మెమరీని మళ్ళీ వాడడం రెండవది. ఆ చోటు అప్పటికే వేరొకరికి కేటాయింపబడి ఉంటే, వారి సమాచారం చెడిపోతుంది. దాడి చేసేవారికి ఇదే ప్రవేశద్వారం కావచ్చు.

3. కాసాన్ పనితీరు:
కాసాన్ 2015లో లినక్స్ 4.0తో కెర్నల్‌లో చేరింది. దాని సాధారణ రూపంలో ప్రతి 8 బైట్ల స్థితిని 1 బైటు షాడో మెమరీలో నమోదు చేస్తుంది. కంపైలర్ ప్రతి మెమరీ వినియోగానికి ముందు ఒక తనిఖీని చేరుస్తుంది. ఉదాహరణకు 13 బైట్లు కోరితే, మొదటి ఎనిమిదింటికి 0, తరువాతి ఎనిమిదింటికి 5 నమోదవుతాయి. అంటే రెండవ భాగంలో తొలి 5 బైట్లకే అనుమతి. 14వ బైటును తాకగానే దోషం బయటపడుతుంది.

సిగ్నల్‌కు ఆవల కొంత దూరం ఖాళీగా ఉంచినట్లే, ఖండాల మధ్య ‘రెడ్‌జోన్’ ఉంటుంది. విడుదలైన మెమరీని వెంటనే తిరిగి కేటాయించకుండా కొంతకాలం ‘క్వారంటైన్’లో ఉంచుతారు. దోషం దొరికితే, అది జరిగిన చోటును, ఆ మెమరీని కేటాయించిన, విడుదల చేసిన చోట్లను నివేదిక చూపుతుంది.

4. వ్యయం, పరిమితి:
షాడో మెమరీకి మొత్తం మెమరీలో ఎనిమిదవ వంతు కావాలి. తనిఖీల వల్ల వేగం తగ్గుతుంది. కాబట్టి ఈ రూపం పరీక్షాదశకే అనువైనది. నిత్యవినియోగ యంత్రాల కోసం 2021లో లినక్స్ 5.12తో కేఫెన్స్ వచ్చింది. అది సాధారణంగా 100 మిల్లీసెకన్లకు ఒక కేటాయింపును మాత్రమే ఎంచుకొని, రక్షణ పేజీల మధ్య ఉంచుతుంది. ఒక్క యంత్రంలో దోషం దొరికే అవకాశం తక్కువే. అనేక యంత్రాలు ఎక్కువకాలం నడిస్తే ఆ అవకాశం పెరుగుతుంది.

రెడ్‌జోన్‌ను పూర్తిగా దాటి మరొక చెల్లుబాటయ్యే ఖండంలో పడే దోషాన్ని కాసాన్ సాధారణ రూపం గుర్తించలేదు.

5. ముగింపు:
ప్రతి వినియోగాన్నీ విడిగా ఉన్న ఒక నమోదుతో సరిచూడడమే కాసాన్‌కు ఆధారం. కొన్నింటినే ఎంచుకొని కాపలా కాయడం కేఫెన్స్ మార్గం. అయితే నడవని కోడ్‌లోని దోషాన్ని ఈ రెండూ చూడలేవు. కాబట్టి నివేదిక రాకపోవడాన్ని దోషం లేదనడానికి రుజువుగా పరిశోధకులు భావించరాదు.