పద్యమునకు అర్థ మడుగుట



మన పిల్లలు ప్రతిపదార్థము, తాత్పర్యము, సందర్భము అను మాటలను నిత్యము వల్లె వేయుచుందురు. ఇవి పరీక్షకొరకు కల్పించినవని కొందరు తలంతురు. అట్లు గాదు. ఇందులో ఒక్కొక్కటి చదువరి గ్రంథమును అడుగవలసిన ఒక్కొక్క ప్రశ్న. ప్రశ్నను విడిచి పేరు మాత్రము నేర్చిన బాలునకు చదువు నోటనే నిలిచిపోవును.

విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు ఈ లోపమును తమ కన్యాశుల్కమున చక్కగా చూపిరి. ఆ నాటకము 1897లో తొలుత అచ్చయి, 1909లో మిక్కిలి పెంపబడి మరల వెలువడినది. అందు కరటకశాస్త్రి మేనల్లుడైన వెంకటేశమును ఒక పద్యము చదువుమనును. బాలుడు నలదమయంతుల పద్యము నందుకొనును. ‘మనఃప్రభవానలము’ అననేమని మేనమామ యడుగగా నోరు పెగలదు. చదువు చెప్పు గిరీశము శిష్యుని వెనుక వేసికొని వచ్చును. మనము నవ్వుదుము, కాని మన యింటి బాలుని అట్లే యడిగిన నేమగునో యోచింపవలదా?

ఆ సమాసమునే తీసికొందము. మనః, ప్రభవ, అనలము అని విడదీయుట పదవిభాగము. మనస్సు, పుట్టినవాడు, అగ్ని అని యొక్కొక్కదానికి చెప్పుట ప్రతిపదార్థము. మనస్సున పుట్టినవాడు మన్మథుడు. ఆ మన్మథుడనెడి అగ్ని యని సంబంధము చూపుట విగ్రహవాక్యము. పద్యమందలి మాటలను కర్త, కర్మ, క్రియల వరుసలో కూర్చుట అన్వయము. నలదమయంతులు ఒకరినొకరు కోరి విరహమున వేగుచున్నారని గ్రహించుట తాత్పర్యము. తక్కినవన్నియు దీనికి మెట్లు. మెట్టుమీదనే కూర్చున్నవాడు ఇల్లు చేరడు.

ఇక అర్థము మూడు విధములు. పైడితల్లి సిరిమానోత్సవమునకు ‘ఊరంతయు కదలివచ్చినది’ అందుము. ఇండ్లు కదలలేదు, జనులు కదలిరి. ఊరనగా ఇండ్లు గల తావనుట వాచ్యార్థము; అందలి జనులనుట లక్ష్యార్థము. ‘నాగావళికి నీరు వచ్చినది’ అని పడవవాడు బాటసారితో ననిన, నేడు దాటవద్దని భావము. ఆ మాటనే రైతు కుమారునితో ననిన, పొలము పనికి లెమ్మని భావము. మాటలలో లేకయే తోచు ఈ యర్థము వ్యంగ్యార్థము. దానిని పట్టియిచ్చునది సందర్భము. కావున సందర్భము వ్రాయుమనిన గ్రంథము పేరు వ్రాసిన చాలదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు పలికిరో చెప్పవలెను.

వ్యాకరణము చదువని మేము పిల్లల నేమి యడుగగలమని మీరందురేమో. ఒకరు పద్యము చదువగా వేరొకరు అర్థము చెప్పు పురాణకాలక్షేపము మీరెరుగనిది గాదు. అచ్చట వినుచు మీరు మనసులో అడిగికొన్న ప్రశ్నలే ఇవి. మనుమడు పాఠము చదివినప్పుడు గద్దింపక, ‘ఈ మాట కర్థమేమి? ఇది ఎవరన్నారు? ఎందు కన్నారు? నీ మాటలలో చెప్పుము’ అని యడుగుడు. చెప్పలేకున్న మరల చదివింపుడు. తన మాటలలో చెప్పగలిగిననాడు ఆ పద్యము వానిదైనదని యెరుగుడు.