సేవకు సర్టిఫికెట్: ఎవరికి? ఎందుకు?



మన ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఉన్నవారికి కూడా మా ఆయమ్మలు తెలుసు. డాక్టరుగారు రౌండుకు రాకముందే పేషెంటుకు ముఖం కడిగి, బెడ్‌పాన్ తీసి, దుప్పటి మార్చి, "రాత్రి నిద్ర పట్టిందా అవ్వా?" అని అడిగేది వాళ్ళే. దేవరుప్పుల, కడవెండి, సింగరాజుపల్లి నుంచి వచ్చే పెద్దవాళ్ళు సిస్టర్ల పేర్లు మరచిపోతారు గాని ఆయమ్మ పేరు మరచిపోరు.

వారిలో ఒకామె మా దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. కూతురి కాన్పు కోసం హైదరాబాదు వెళ్ళి, అక్కడే ఉండవలసి వచ్చి, ఒక ఆసుపత్రిలో పని అడిగింది. ఏమేమి చేయగలదో చెప్పింది. "సర్టిఫికెట్ ఉందా?" అన్నారు. లేదన్నది. ఊడ్చే పని అయితే ఇస్తామన్నారు. తరువాత మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు ఆమె అన్నది: "సిస్టరమ్మా, ఇన్నేండ్లు చేసిన పని నా చేతులకే ఎరుక. కాయితానికి ఎరుక లేదు."

ఆ మాట మాకు గుచ్చుకుంది. సర్టిఫికెట్ అడిగిన వారిది తప్పు కాదు, తప్పు మాదే. ఆమెకు పని నేర్పించాము. కాని ఆమె నేర్చుకున్నదని ఎక్కడా రాసి పెట్టలేదు. అందుకే ఈసారి ఈ విషయం మీతో పంచుకుంటున్నాము.

పని చేస్తూనే పొందే అర్హత

చదువు అంటే కాలేజీ, పుస్తకం, పరీక్ష హాలు అని మనం అనుకుంటాము. కాని పని స్థలంలోనే నేర్చుకొని, అక్కడే చేసి చూపించి పొందే అర్హతలు కూడా ఉన్నాయి. మన దేశంలో ఇలాంటి అర్హతలన్నిటినీ మెట్లుగా అమర్చే జాతీయ నైపుణ్య అర్హతల విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2013 డిసెంబరులో ప్రకటించింది. ఆరోగ్య రంగానికి హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఏ పనివారికి ఏమేమి వచ్చి ఉండాలో ప్రమాణాలు రాసింది. మన ఆయమ్మలు, వార్డుబాయిలు చేసే పనికి అందులో ఉన్న పేరు 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్'. ఇంటి దగ్గర వృద్ధులను, మంచం పట్టినవారిని చూసుకునేవారికి 'హోమ్ హెల్త్ ఎయిడ్' అనే అర్హత ఉంది.

ఇందులో ఏమి చూస్తారు? పేషెంటుకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, మలమూత్ర విసర్జనకు సాయపడడం, మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి జాగ్రత్తగా మార్చడం, కింద పడకుండా కాపాడడం, చేతులు శుభ్రం చేసుకోవడం, చెత్తను సరైన రంగు డబ్బాలో వేయడం, తేడా కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పడం. చనిపోయినవారి దేహాన్ని గౌరవంగా సిద్ధం చేయడం కూడా ఇందులో ఒక భాగమే.

ఇప్పటికే పని వచ్చినవారు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలా? అక్కరలేదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైనప్పటి నుంచి 'ముందే నేర్చిన పనికి గుర్తింపు' అనే పద్ధతి అందులో ఉంది. 2016లో వచ్చిన రెండో విడతలో కనీసం 12 గంటల పరిచయ తరగతులు పెట్టి, ఆ తరువాత బయటి పరీక్షకుని చేత పరీక్షింపజేసి సర్టిఫికెట్ ఇచ్చారు. పని ఇచ్చే సంస్థ ఆవరణలోనే ఈ పరీక్ష జరిపే వీలు కూడా కల్పించారు.

ఇది మనకు కొత్త కాదు

మిషన్ ఆసుపత్రులలో పని నేర్పింది మొదటి నుంచి వార్డులోనే. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ అరోలే, డాక్టర్ మేబెల్ అరోలే అనే క్రైస్తవ దంపతులు పని మొదలుపెట్టి, గ్రామ స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. వారిలో చాలామందికి అక్షరాలు రావు. నేర్చుకున్నది ఊరిలో చేసి, మళ్ళీ వచ్చి మరికొంత నేర్చుకునేవారు. ఆ దంపతులకు 1979లో మెగసెసే అవార్డు వచ్చింది. మన ఊళ్ళలోని ఆశా కార్యకర్తల పథకం 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. వారూ విడతలవారీగా శిక్షణ పొందుతూ పనిచేశారు. తరువాత జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా వారికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది.

కరోనా రెండో దెబ్బ తగిలిన 2021లో సాయపడే చేతులు చాలక దేశమంతా కష్టపడింది. ఆ జూన్ నెలలో కేంద్రం ఇంటి సంరక్షణ, ఎమర్జెన్సీ, శాంపిళ్ళ సేకరణ వంటి ఆరు పనులకు త్వరిత శిక్షణ మొదలుపెట్టింది. ఇంగ్లాండులో కూడా నర్సుల సహాయకులకు ఒకే రకమైన శిక్షణ లేదని 2013లో కావెండిష్ నివేదిక చెప్పింది. ఆ తరువాత 2015 ఏప్రిల్‌లో అక్కడ 'కేర్ సర్టిఫికెట్' తెచ్చారు. 15 ప్రమాణాలతో మొదలైన ఆ సర్టిఫికెట్‌ను కొత్తగా చేరినవారు పనిలో ఉంటూనే పూర్తి చేస్తారు.

మా వార్డులో ఒక నోటుబుక్కు

మేము చేసింది చిన్న పనే. ప్రతి ఆయమ్మకు, వార్డుబాయికి ఒక నోటుబుక్కు ఇచ్చాము. నేర్పిన పని పేరు, నేర్పిన తేదీ రాస్తాము. సిస్టర్ ఎదుట ఆ పని మూడుసార్లు సరిగా చేస్తేనే సంతకం పెడతాము. "నాకు సదువు రాదు గద సిస్టరమ్మా, నాకేం పరీక్ష?" అని ఒకామె భయపడింది. "నీ చేతులతోనే పరీక్ష రాస్తావమ్మా" అని చెప్పాము.

దీని వల్ల పేషెంటుకు లాభమేమిటి? ఒక సంగతి చెబుతాము. తాటిచెట్టు మీది నుంచి జారిపడిన ఒక గీత కార్మికుడు మా వార్డులో ఉన్నాడు. నడుము కింద స్పర్శ లేదు. అలాంటివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే ఒరిపిడికి, బరువుకు చర్మం చచ్చి పుండు పడుతుంది. ఒక ఉదయం ఒళ్ళు తుడుస్తున్న ఆయమ్మ అతని వీపు కింది భాగంలో రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చ చూసింది. వేలితో నొక్కింది. ఎరుపు పోలేదు. వెంటనే పరుగెత్తి వచ్చి మాకు చెప్పింది. ఆ మచ్చ పుండు కాకుండానే ఆపగలిగాము. నొక్కి చూడాలని ఆమెకు ఆ నెలలోనే నేర్పాము. అంతకుముందు అయితే ఎండకు కందిందేమో అనుకొని నూనె రాసి ఊరుకునేది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక

ఈ సర్టిఫికెట్ ఉన్నవారు నర్సులు కారు. వారు ఇంజెక్షను ఇవ్వకూడదు, సెలైను పెట్టకూడదు. నర్సు కావాలంటే ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.

మన సంఘంలోని ఒక కుటుంబం ఈ తేడా తెలియక నష్టపోయింది. పత్తి అమ్మిన డబ్బంతా కట్టి బిడ్డను పట్నంలో 'ఆరు నెలల నర్సింగ్ కోర్సు'లో చేర్చారు. చివరికి చేతికి వచ్చిన కాగితానికి ఏ కౌన్సిల్‌లోనూ విలువ లేదు. ఆ అమ్మాయి మా ముందు కూర్చొని ఏడుస్తుంటే మాకేమి చెప్పాలో తోచలేదు. కాబట్టి ఫీజు కట్టకముందే ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. ఇది నర్సు చదువా, సహాయకుల శిక్షణా?
2. నర్సు చదువైతే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా? సహాయకుల శిక్షణైతే సర్టిఫికెట్ మీద సెక్టార్ స్కిల్ కౌన్సిల్, ఎన్‌సీవీఈటీ పేర్లు ఉంటాయా?
3. నిజమైన ఆసుపత్రిలో, నిజమైన పేషెంట్ల దగ్గర ఎన్ని రోజులు పని నేర్పుతారు?

సమాధానం తడబడితే లేచి వచ్చేయండి. అనుమానంగా ఉంటే ఆ కాగితాలు మా నర్సింగ్ ఆఫీసుకు తెండి, మేము చూసి చెబుతాము.

ఇంకొక మాట. సర్టిఫికెట్ రాగానే జీతం పెరుగుతుందని మేము ఎవరికీ మాట ఇవ్వలేము. కాని ఊరు మారినా, ఆసుపత్రి మారినా ఆమె పని ఆమె వెంట వెళుతుంది. పంతొమ్మిదేళ్ళ సేవ 'ఊడ్చే పని' దగ్గర ఆగిపోదు.

మీ ఇంట్లో మంచం పట్టిన పెద్దవారు ఉంటే మీరూ రండి. తిప్పడం, స్నానం చేయించడం, తినిపించడం మా ఆయమ్మలే మీకు నేర్పుతారు. మన ప్రభువు శిష్యుల పాదాలు కడిగి, ఆ పని తక్కువది కాదని మనకు చూపించారు. ఆ పనినే రోజూ చేస్తున్న ఈ చేతులను మనం గుర్తించి గౌరవించుదాము. ఈసారి వార్డుకు వచ్చినప్పుడు ఆయమ్మను పేరు పెట్టి పలకరించి, "వందనాలమ్మా" అని ఒక్క మాట చెప్పండి.

దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, మరియు నర్సింగ్ విభాగం