దీవిలో కొనే మిక్సర్

వేదిక మీద పాడే గొంతులను, మోగే వాద్యాలను మైకుల ద్వారా అందుకొని, ఒక్కొక్కదాని హెచ్చుతగ్గులను సరిచేసి, అన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే యంత్రమే మిక్సర్. మైకు నుంచి వచ్చిన విద్యుత్ అలను అలగానే ఉంచి పనిచేసేది అనలాగ్ మిక్సర్ కాగా, అదే అలను సెకనుకు సాధారణంగా 48,000 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, వాటి మీద లెక్కలు కట్టి, చివరకు మళ్లీ విద్యుత్తుగా బయటికి పంపేది డిజిటల్ మిక్సర్. మనిషి చెవి సెకనుకు దాదాపు 20,000 కంపనాల వరకే వినగలదు కనుక, దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలునన్న సూత్రం మీద ఆ సంఖ్య నిలిచింది. కొన్ని కొత్త యంత్రాలు 96,000 సార్లు కొలుస్తాయి గాని, షామియానా కింద జరిగే భజనకు, నాటకానికి ఆ తేడా కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

1987లో యమహా తెచ్చిన ఎనిమిది చానళ్ల డీఎంపీ7 నాటి నుంచి డిజిటల్ మిక్సర్లు ఉన్నా, చాలాకాలం అవి పెద్ద స్టూడియోల, పెద్ద బృందాల సొత్తుగానే ఉండిపోయాయి. 2012లో బెరింజర్ ఎక్స్32 సుమారు 3,000 డాలర్లకు 32 మైకు ఇన్‌పుట్‌లతో వచ్చాక ఆ గోడ కూలింది. అలెన్ అండ్ హీత్ క్యూ-16, యమహా టీఎఫ్, సౌండ్‌క్రాఫ్ట్ యూఐ వరుసలు ఆ దారినే నడిచాయి. ధరను పోల్చేటప్పుడు ఒక సంగతి మరవరాదు. అనలాగ్ మిక్సర్ పక్కన విడిగా కొనవలసిన ఈక్వలైజర్, అంటే హెచ్చు తగ్గు స్వరాలను వేరువేరుగా పెంచి తగ్గించే పరికరం, కంప్రెసర్, అంటే ఉన్నట్టుండి పెరిగిన గొంతును అదుపులో పెట్టే పరికరం, గొంతుకు ప్రతిధ్వని చేర్చే ఎఫెక్ట్ పెట్టె, ఇవన్నీ డిజిటల్ మిక్సర్‌లో లోపలే ఉంటాయి. సముద్రం దాటి సామాను తెప్పించుకునే చోట ఈ లెక్కకు బరువు ఇంకా ఎక్కువ.

పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రపు పాయను ఆనుకొని ఉన్న మిన్నీ బే అటువంటి చోటే. 2024లో కేంద్రం శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఈ నగరంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వినాయక చవితి పందిరికైనా, ఉగాది సభకైనా, చర్చి కూటానికైనా మైకుసెట్టు పెట్టవలసిందే. కొనబోయేవారు మొదట అడిగే ప్రశ్న ఎన్ని మైకులు తగిలించవచ్చునన్నది. నిజానికి ముందు అడగవలసింది ఎన్ని దారుల్లో శబ్దాన్ని బయటికి పంపవచ్చునన్నది.

ఒక మామూలు భజన బృందాన్ని లెక్కించి చూస్తే ఇద్దరు గాయకులు, నలుగురు వంతపాటగాళ్లు, హార్మోనియం, తబలాకు రెండు మైకులు, ఢోలక్, వయొలిన్, కీబోర్డుకు రెండు తీగలు, వ్యాఖ్యాతకు ఒక కార్డ్‌లెస్ మైకు, అన్నీ కలిపి 14 అవుతాయి. 16 ఇన్‌పుట్‌ల మిక్సర్ సరిపోతుంది. అయితే పాడేవారికి తమ గొంతు తమకు వినబడాలి, తబలా వాయించేవారికి హార్మోనియం వినబడాలి. వీరి ముందు పెట్టే స్పీకరును మానిటర్ అంటారు. ఒక్కో మానిటర్‌కు వేరే పాళ్లలో కలిపిన శబ్దాన్ని పంపే దారిని ఆక్స్ అంటారు. గాయకులకు ఒకటి, తాళవాద్యాలకు ఒకటి, కీబోర్డుకు ఒకటి, వెనక వరుసల స్పీకర్లకు ఒకటి, వీడియో తీసేవారికి ఒకటి చొప్పున అయిదు ఆక్స్‌లు అవసరమైనప్పుడు, నాలుగే ఉన్న యూఐ16 చాలదు. ఆరు ఉన్న బెరింజర్ ఎక్స్‌ఆర్18 సరిపోతుంది. ఎనిమిది ఉన్న యూఐ24ఆర్ కాస్త మిగులు ఇస్తుంది. ఒకే ఆక్స్‌ను ఇద్దరికి పంచితే ఒకరి కోసం పెంచిన శబ్దం రెండోవారి మైకులోకి దూరి, మళ్లీ స్పీకరులోంచి వచ్చి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టవచ్చు. సభలను చెడగొట్టే ఆ కూతకు కారణం మిక్సర్ నాణ్యత కాక ఇలాంటి దారుల కొరత కావచ్చు.

తరువాతిది ఫేడర్ల సంగతి. ఫేడర్ అంటే శబ్దాన్ని పెంచడానికి, తగ్గించడానికి వేలితో జరిపే మీట. ఎక్స్32లో, క్యూ-16లో మోటారుతో వాటంతట అవే కదిలే ఫేడర్లు ఉంటాయి. ఎక్స్‌ఆర్18, యూఐ వంటివాటిలో ఫేడర్లు లేవు, టాబ్లెట్ తెర మీద వైఫై ద్వారా నడపాలి. కదిలే భాగాలు తక్కువ కనుక రెండో రకం చవక, పైగా ఉప్పుగాలికి చెడే అవకాశమూ తక్కువ. అయితే మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక ఋతుపవనం తడిపే ఈ దీవుల్లో టాబ్లెట్ తన తెర మీద పడ్డ వాన చినుకును కూడా వేలి తాకిడిగా పొరబడవచ్చు; వందల ఫోన్లు ఉన్న సభలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తెగవచ్చు. వైఫై తెగినంత మాత్రాన పాట ఆగదు, ఆ క్షణాన దాన్ని సరిచేసే చెయ్యి మాత్రం ఉండదు. అందుకే ఈ రకం కొనేవారు 5 గిగాహెర్ట్జ్ రూటరును, తీగతో తగిలించే లాప్‌టాప్‌ను కూడా ఖర్చులో కలుపుకోవాలి. ఇవన్నీ కలిపాక ఫేడర్లున్న క్యూ-16 వాడినదే దొరికితే, అదే మేలనిపించే సందర్భాలూ ఉంటాయి.

ఇక కరెంటు సంగతి. దీవులకు ప్రధాన భూభాగపు విద్యుత్ జాలంతో సంబంధం లేదు. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. పందిళ్లలో సొంత జనరేటరుకు మారే క్షణంలో అనలాగ్ మిక్సర్ వెంటనే తేరుకుంటుంది గాని, డిజిటల్ మిక్సర్ కంప్యూటరులాగే మళ్లీ మొదటి నుంచి లేవడానికి దాదాపు నిమిషం తీసుకోవచ్చు. చిన్న యూపీఎస్ ఒకటి మిక్సర్‌కు, రూటరుకు కలిపి పెడితే ఆ నిమిషం నిశ్శబ్దం తప్పుతుంది. పని అయ్యాక గట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచడం ఇక్కడ తప్పనిసరి.

మరమ్మతు విషయానికొస్తే, విడిభాగం కోసం చెన్నైకో విశాఖకో పంపితే ఓడ ప్రయాణమే సుమారు మూడు రోజులు. కాబట్టి కొనే ముందు ఊళ్లో ఇతర మైకుసెట్టు వాళ్ల దగ్గర, చర్చిలో, సంఘాల దగ్గర ఏ మోడల్ ఉందో విచారించి, వీలైతే అదే కొనడం మంచిది. డిజిటల్ మిక్సర్‌లో అమరికలన్నిటినీ ‘సీన్’ అనే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోనో లాప్‌టాప్‌లోనో దాచుకోవచ్చు. సభకు ముందురోజు యంత్రం చెడితే, పక్క వీధి వారి అదే మోడల్ యంత్రాన్ని తెచ్చి, ఆ ఫైలు ఎక్కించి, మైకులు పాత వరుసలోనే తగిలిస్తే గాయకుడి మానిటర్ మట్టం సహా అన్నీ నిన్నటిలాగే వస్తాయి.